ట్రాన్స్‌ఫర్ కోసం జీఈ (జనరల్ ఎడ్యుకేషన్) క్లాసులు తీసుకునే ముందు జాగ్రత్తలు

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాల్ స్టేట్‌కో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వెళ్దామనుకునేవాళ్లు, రిజిస్టర్ అయ్యే ముందు ఇవి చూసుకోండి.

– 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరినవాళ్లకి కాల్-జీఈటీసీ ఒక్కటే, అంటే యూసీకైనా కాల్ స్టేట్‌కైనా పనికొచ్చే జీఈ కోర్సుల జాబితా. అన్నయ్య చదివినప్పటి పాత జాబితా, ఐజీఈటీసీ షీటు పట్టుకుని కూర్చోకండి.

– మొత్తం 11 కోర్సులు, 34 సెమిస్టర్ యూనిట్లు. ఇందులో స్పీచ్, ఎత్నిక్ స్టడీస్, సైన్స్ ల్యాబ్ ఉన్నాయో లేదో ముందే చూడండి, స్టేజీ భయంతో స్పీచ్‌ని ఆఖరి సెమిస్టర్‌కి నెట్టి, తీరా సీటు దొరక్క టెన్షన్ పడొద్దు.

– ప్రతి కోర్సులో కనీసం సీ రావాలి. సీ మైనస్ చెల్లదు.

– పేరు బాగుందని క్లాసు తీసుకోకండి. ఏ కోర్సు ట్రాన్స్‌ఫర్‌కి చెల్లుతుందో చూపే అసిస్ట్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ పెట్టి, ఆ కోర్సు కాల్-జీఈటీసీలో ఏ ఏరియా (సబ్జెక్టు విభాగం) కింద ఉందో, మీరు చదివే ఏడాదికి ఉందో లేదో చూశాకే.

– ఇంజనీరింగ్ వాళ్లకి నా మాట వేరు: ముందు మ్యాథ్స్, ఫిజిక్స్. జీఈ అంతా ముగించేద్దామని కాల్‌క్యులస్ ఆపితే అడ్మిషన్‌కే దెబ్బ.

– ఎఫ్-1 వీసా మీద ఉన్నారా? ఏదైనా క్లాసు డ్రాప్ చేస్తే ఫుల్‌టైమ్‌కి కావాల్సిన 12 యూనిట్ల కంటే తగ్గుతుందేమో లెక్కేసుకుని, డీఎస్‌ఓతో (కాలేజీలో వీసా విషయాలు చూసే అధికారి) మాట్లాడాకే బటన్ నొక్కండి.

– కాల్-జీఈటీసీ పూర్తయిందని కాలేజీ ఇచ్చే సర్టిఫికేషన్‌కి విడిగా అప్లై చేయాలా, ఎప్పటిలోగా అని కౌన్సెలర్‌ని ఇప్పుడే అడిగేయండి.