వేరే షీటును తాకే మాక్రో నడిపే ముందు

ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. ఎక్సెల్‌లో మాక్రో (పనులను తనంతట తానే చేసే చిన్న వీబీఏ కోడ్) ఒకసారి గళ్లను మార్చేశాక కంట్రోల్ జెడ్ నొక్కినా పాత విలువలు తిరిగి రావు.

ఆ తర్వాత కోడ్ తెరిచి, తమకు ముందు ఏ షీటు పేరూ రాయని రేంజ్, సెల్స్ (గళ్లను సూచించే పదాలు) ఎక్కడున్నాయో వెతకండి. మామూలు మాడ్యూల్‌లో (కోడ్ రాసే పేజీలో) వాటికి అర్థం, ఆ క్షణాన తెర మీద ఉన్న షీటు. అదే కోడ్‌ను ఏదైనా షీటుకు చెందిన మాడ్యూల్‌లో పెడితే, తెర మీద ఏది ఉన్నా పని జరిగేది ఆ మాడ్యూల్ షీటులోనే. కోడ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి అతికించేవారు ఇది మరవకూడదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడ. వర్క్‌షీట్స్ అని రాసి, 'డేటా' అని షీటు పేరు ఇచ్చి, చుక్క పెట్టి రేంజ్ రాస్తారు. దాని కుండలీకరణాల్లో మొదటి గడికీ చివరి గడికీ ఉత్త సెల్స్ వాడతారు. బయట చెప్పిన పేరు లోపలికీ వర్తిస్తుందని నమ్మకం. వర్తించదు. డేటా షీటు తెరిచి ఉంటే సాఫీగా నడుస్తుంది, మరో షీటులో ఉండి నడిపితే 1004 ఎర్రర్. పరీక్షించినప్పుడల్లా నా ముందు డేటా షీటే ఉండేది కాబట్టి ఈ లోపం నాకు చాలాకాలం దొరకలేదు. విత్ బ్లాకులో (విత్‌తో మొదలై ఎండ్ విత్‌తో ముగిసే లైన్లలో) షీటు పేరు ఒక్కసారి చెప్పి, లోపలి రేంజ్, సెల్స్, రోస్ (వరుసలు) అన్నిటి ముందూ చుక్క పెట్టండి. చివరి వరుసను వెతికే లైనులో రోస్ ముందు చుక్క మరచిపోవడం మరీ మామూలు.

ఎర్రర్ వచ్చిందంటే నయమే. షీటు పేరు లేని రేంజ్‌కు క్లియర్‌కంటెంట్స్ (గళ్లలో ఉన్నదాన్ని తుడిచేసే ఆదేశం) తగిలించి ఉంటే, కిక్కురుమనకుండా తప్పు షీటును ఖాళీ చేస్తుంది.

తెర మీద లేని షీటులోని రేంజ్‌ను సెలెక్ట్ చేయమన్నా 1004 వస్తుంది. అసలు సెలెక్ట్ అవసరం చాలా అరుదు. విలువను నేరుగా రాయవచ్చు. షీటును వరుస సంఖ్యతో పిలవకండి, ఎవరో ట్యాబ్ జరిపితే రెండోది మూడోదవుతుంది. పేరుతో పిలిచినా, ఎవరో ట్యాబ్ పేరు మారిస్తే 9వ నంబరు ఎర్రర్ వస్తుంది. కోడ్‌నేమ్ (ట్యాబ్ మీది పేరు కాక, వీబీఏ ఎడిటర్‌లో షీటుకు ఉండే పేరు) వాడితే ఈ రెండు బెడదలూ ఉండవు, అయితే అది మాక్రో ఉన్న ఫైలులోని షీట్లకే పనికొస్తుంది.

రెండు ఫైళ్లు తెరిచి ఉండే పనైతే షీటు పేరుకు ముందు దిస్‌వర్క్‌బుక్ (మాక్రో ఉన్న ఫైలు అని అర్థం) అని చేర్చండి. ఇక నకలు ఫైలులో, కావాలనే సంబంధంలేని షీటు తెరిచి, పక్కన మరో ఫైలు కూడా ఉంచి మాక్రో నడిపి చూడండి. అసలు ఫైలు జోలికి ఆ తర్వాతే.