కథను ఫేస్‌బుక్‌లో పెట్టడం ఎలా?

కావాల్సినవి ఫోను, తెలుగు కీబోర్డు, రాసి ముగించిన కథ. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించినదైతే యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనులోనైనా కనపడే అక్షరాల్లోకి, మార్చుకోండి. లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి.

ముందు నోట్స్‌లో రాసుకుని, దిద్దుకుని, తర్వాతే ఫేస్‌బుక్‌లో అతికించండి. పోస్టు పొడవుగా ఉంటే ఫేస్‌బుక్ మొదటి కొన్ని లైన్లే చూపిస్తుంది. "మిత్రులారా, ఇది నా చిన్న ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి" అని మొదలుపెడితే ఆ చోటంతా దానికే పోతుంది. ముందుమాట వద్దు, నేరుగా కథలోకి దిగండి.

ఇక పోస్ట్ బటన్ నొక్కే ముందు ఆగండి. అందరూ తొందరపడేది ఇక్కడే. ఈ కథను పత్రికకో పోటీకో పంపాలన్న ఆలోచన ఏ మూలన ఉన్నా ఇప్పుడు పెట్టొద్దు. కథతోపాటు హామీపత్రం అడుగుతారు: సొంత రచనేనని, అనువాదం కాదని, ఎక్కడా ప్రచురితం కాలేదని. సోషల్ మీడియాలో కూడా రాలేదని రాసివ్వమనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకసారి పోస్టు చేశాక ఆ సంతకం ఎలా పెడతారు?

"ఫ్రెండ్స్‌కే కనపడేలా పెట్టాను", "తర్వాత డిలీట్ చేస్తాను" అంటారు. ఆ ఫ్రెండ్స్‌లో ఒకరు కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో వేస్తే చాలు. ఒక్కో గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు. వాళ్ల ఫోన్లలోంచి మీరు తీసేయలేరు. పైగా రెండో ఫార్వర్డుకే మీ పేరు ఎగిరిపోతుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించకపోయినా హక్కు మీదే. కానీ పేరు లేకుండా తిరిగే కథ వెంట ఎంతమందితో పోట్లాడతారు? పేరు పైనా కిందా రెండు చోట్లా వేయండి.

అందుకే అచ్చయ్యాకే పెట్టాలి. అదీ పేజీ ఫొటో కాదు, టైపు చేసిన కథ. మూడు కాలమ్‌ల పేజీని ఫోనులో పెద్దది చేసుకుంటూ ఎవరు చదువుతారు? లైకు కొట్టి పోతారు, అంతే.

కామెంట్లలో ఎవరో ఒకరు కథలోని "యాడికి పోతాండావు" అన్న మాటను "ఎక్కడికి వెళ్తున్నావు"గా దిద్దమంటారు. దిద్దొద్దు. మా కడప మనిషి కడప మాటే మాట్లాడాలి. వాదనకూ దిగొద్దు, ఆ పూట రాయాల్సిన పేజీ దానికే పోతుంది.

రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ పోయినవాళ్లు చదివి "మా జేజి (నానమ్మ) ఇట్లే అనేది" అని రాస్తారు చూడండి, ఆ సంతోషం ఏ పత్రికా ఇవ్వదు. వాళ్లకు పత్రిక చేరదు, ఫోను చేరుతుంది. వాళ్ల కోసం శుక్రవారం రాత్రి పదిన్నరకు పెట్టండి. కువైట్‌లో అప్పుడు ఎనిమిది, ఆ రోజు చాలామందికి సెలవు.