చేతిలో పైసలు నిలవాలంటే – మూడో పాఠం: పంట డబ్బుకు నెల జీతం

పోయిన పాఠంలో ఇంటి అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి, దేనికి ఎంత మిత్తి పడుతుందో లెక్క కట్టాం. ఆ కాగితం ఇవాళ పక్కనే పెట్టుకోండి. రాయనివాళ్లు ముందు అది రాసి, తర్వాత ఇది చదవండి.

వరంగల్ చుట్టుపక్కల చాలా ఇళ్లకు డబ్బు నెలనెలా రాదు. దసరా దాటాక పత్తి, సంక్రాంతి దాటాక మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తాయి. అప్పుడే డబ్బు ఒక్కసారిగా చేతికి వస్తుంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో నాలుగు నెలల వానను పట్టి ఉంచి, తూము ద్వారా పొలానికి కావలసినంతే వదులుతారు. డబ్బుతో మనం చేయాల్సిందీ అదే.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది ముఖ్యం. జెండా పాట మేలు రకం సరుకుకు పలికే ధర. దాన్ని మనసులో పెట్టుకుని ముందే ఖర్చులకు మాట ఇస్తే, తర్వాత అప్పు చేయక తప్పదు. తక్‌పట్టీలో, అంటే సరుకు అమ్మాక మార్కెట్‌లో ఇచ్చే లెక్క చీటీలో, కోతలన్నీ పోను చేతికి వచ్చిందే మీ డబ్బు.

అందులోంచి ముందు తీర్చాల్సింది మిత్తి అప్పు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 50,000 అప్పుకు ఏడాదిలో 12,000 మిత్తికే పోతుంది. బ్యాంకు పంట రుణం సంగతి వేరు. 3 లక్షల లోపు రుణాన్ని గడువులోగా కడితే పడే వడ్డీ 4 శాతమే. 2024లో రుణమాఫీ జరిగింది కదా, మళ్లీ జరుగుతుందేమోనని కట్టకుండా ఆగేవాళ్లు ఉన్నారు. నేను అది వద్దంటాను. గడువు దాటితే వడ్డీ రాయితీ పోతుంది, కొత్త రుణం దొరకడమూ కష్టమవుతుంది. అప్పుడు మళ్లీ రెండు రూపాయల మిత్తికే చేయి చాచాలి.

అప్పులు పోను 3,00,000 మిగిలాయనుకుందాం. వానాకాలం పెట్టుబడికి 80,000, పిల్లల ఫీజులకు 40,000, ఆస్పత్రి లాంటి అనుకోని అవసరానికి 30,000 పక్కన పెడితే 1,50,000 ఉంటాయి. పన్నెండుతో భాగిస్తే నెలకు 12,500. మీ ఇంటి జీతం అది. తక్కువ అనిపిస్తే మంచిదే, ఆ సంగతి ఆశ్లేష కార్తెలో కాకుండా ఇప్పుడే తెలిసింది. కూరగాయల మడి వేయాలా, బర్రెను కొనాలా, ఏ ఖర్చు ఆపాలా అని ఆలోచించడానికి టైం ఉంది.

దీనికి రెండు ఖాతాలు కావాలి. మొత్తం డబ్బు మొదటి ఖాతాలో ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తేదీన 12,500 దానంతట అదే రెండో ఖాతాలోకి మారేలా పెట్టమని బ్యాంకులో రాసివ్వండి. ఏటీఎం కార్డు, ఫోన్‌పే రెండో ఖాతాకే ఉండాలి. ప్రతిసారీ మనసును అదుపులో పెట్టుకోవడం ఎవరికైనా కష్టం. ఏర్పాటు ఇలా ఉంటే ఆ కష్టం సగం తగ్గుతుంది.

మిగతా సగం మొదటి పది రోజుల్లో ఉంటుంది. చేతినిండా డబ్బు ఉన్నప్పుడు బండి, బంగారం, ఇంటి పైన ఇంకో గది అన్నీ అవసరంగానే కనిపిస్తాయి. పది రోజుల దాకా పెద్దది ఏదీ కొనవద్దని ఇంట్లో అందరూ కలిసి అనుకోండి. కోరికలు చంపుకోమని కాదు. పదకొండో రోజు కూడా కావాలనిపిస్తే, అది ఏ నెల జీతంలోంచి వస్తుందో రాసి కొనుక్కోండి. చేబదులు అడిగేవాళ్లూ అప్పుడే వస్తారు. "అన్నా, లేవని కాదు, పెట్టుబడికి పక్కన పెట్టిన" అని నిజమే చెప్పండి. ఇవ్వాలనుకుంటే మీ నెల ఖర్చులోంచి ఇవ్వండి, విత్తనాల డబ్బులోంచి మాత్రం వద్దు.

ఇంకో మాట. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుందని అందరికీ తెలుసు. అయినా ఆ ఖర్చుకు అప్పు చేస్తాం. బతుకమ్మ చీరలు, దసరా, జాతర ఖర్చు కూడా నెలకు ఇంతని తీసి పెట్టండి. అప్పు చేయకుండా చేసుకున్న పండుగకు వచ్చే సంతోషం వేరు.

ఈ వారం అభ్యాసం: పోయిన ఏడాది తక్‌పట్టీలు వెతికి తీసి, చేతికి వచ్చిన మొత్తం రాయండి. అందులో పెట్టుబడి, ఫీజులు, మిత్తి పోను ఎంత మిగిలిందో, నెలకు ఎంత పడిందో కట్టండి. ఇంట్లో ఖర్చు చూసేవాళ్లతో కూర్చునే ఈ లెక్క చేయాలి, ఒక్కరే చేస్తే సగం ఖర్చులు గుర్తుకు రావు.

వచ్చే పాఠం చిట్టీల గురించి: పాట పాడి ముందే ఎత్తుకుంటే మనకు పడే అసలు మిత్తి ఎంతో లెక్క కడదాం. మీ చిట్టీ పాస్‌బుక్ సిద్ధంగా ఉంచుకోండి.