రాత్రిపూట పిక్కలు పట్టేయడం ఎలా తగ్గింది

మధుమేహం ఉందని తేలిన కొత్తలో తెల్లవారుజామున పిక్క రాయిలా గట్టిపడి, కాలి వేళ్లు వంకర తిరిగిపోయేవి. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే అది మూత్రంలోకి దిగుతుందని, దాని వెంట నీరు, సోడియం, పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయని డాక్టరు వివరించారు. పరీక్షలో పొటాషియం కాస్త తక్కువగా వచ్చింది, మందు రాశారు.

నీళ్లు గటగటా తాగేయకుండా రోజంతా కొద్దికొద్దిగా తాగాను. చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రం లేతరంగులో కనిపించినా ఒంట్లో నీరు సరిపడా ఉందనుకోలేం, ఇది గుర్తుంచుకోండి. పిక్క పట్టేయగానే మోకాలు చాచి, వేళ్లను ముఖం వైపు లాగి పట్టుకుంటే నొప్పి వదిలేది. అసలు తేడా మాత్రం చక్కెర అదుపులోకి వచ్చాకే కనిపించింది.

గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత నీరు తాగాలో డాక్టరునే అడగండి. పొటాషియం మాత్రలు దయచేసి సొంతంగా వేసుకోవద్దు.