భూటాన్ లాంటి చిన్న దేశం నుంచి ఒలింపిక్స్‌కు: ఏ దారిలో, ఏ కాగితాలతో

2024 పారిస్ మహిళల మారథాన్‌లో భూటాన్‌కు చెందిన కిన్‌జాంగ్ లామో 3:52:59కి గీత దాటింది. సిఫాన్ హసన్ 2:22:55కి బంగారం అందుకుని అప్పటికి గంటన్నర అయిపోయింది. లామో చివరి స్థానంలో వచ్చినా రోడ్డు పక్కన జనం చప్పట్లు ఆపలేదు. ఆ వీడియో చూసినవాళ్లలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: మహిళల మారథాన్ అర్హత ప్రమాణం 2:26:50 కదా, ఈమె అక్కడికి ఎలా వెళ్లింది?

దొడ్డిదారిన కాదు, రాతలో ఉన్న నిబంధన ప్రకారమే వెళ్లింది. దాన్ని వాడుకోవడం తెలియక చిన్న దేశాల సమాఖ్యలు పోగొట్టుకునే స్థానాలు తక్కువేమీ కావు. ఎక్కువసార్లు లోపం కాళ్లలో ఉండదు, ఫైల్లో ఉంటుంది. అందుకే ఇక్కడ శిక్షణ జోలికి పోకుండా ఫైలు సంగతే రాస్తున్నాం. అంకెలన్నీ పారిస్ క్రీడలవి. ప్రతి ఒలింపిక్స్‌కూ ఒక్కో క్రీడకు కొత్త అర్హత పత్రం విడుదలవుతుంది. 2028 లాస్ ఏంజెలెస్ కోసం పనిచేసేవాళ్లు ముందు తమ క్రీడ పత్రాన్ని ప్రింట్ తీసి, తేదీలన్నిటి కింద ఎర్ర గీత గీసుకోవాలి.

ముందు ఏ దారో తేల్చుకోండి

దారులు మూడు. అందరూ "వైల్డ్ కార్డ్" అనేది చివరి రెండింటినీ కలిపి. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది సొంత బలంతో వెళ్లడం. అంటే అర్హత ప్రమాణం అందుకోవడం, లేదా ప్రపంచ ర్యాంకింగ్‌లో కోటా లోపల ఉండడం, లేదా ఖండ స్థాయి పోటీలో స్థానం గెలవడం. చిన్న దేశానికి ఇది అందని పండేమీ కాదు. భూటాన్ 1984 నుంచి ఒలింపిక్స్‌కు వెళ్తున్నా, ఒక భూటానీ విలుకారిణి సొంతంగా అర్హత గెలిచింది మాత్రం టోక్యోకే. ఆమె పేరు కర్మ. 2019లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీల్లో ఆ స్థానం సంపాదించింది. పారిస్‌లో మహిళల 100 మీటర్ల బంగారం సెయింట్ లూసియాకు, ట్రిపుల్ జంప్ బంగారం డొమినికాకు వెళ్లాయి. డొమినికా జనాభా మన మునిసిపాలిటీల్లో ఒక మోస్తరు పట్టణమంత.

రెండోది త్రైపాక్షిక కమిషన్ ఇచ్చే సార్వత్రిక స్థానం, అంటే చిన్న దేశాలకూ చోటు దక్కాలని కేటాయించే స్థానం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, జాతీయ ఒలింపిక్ కమిటీల సంఘం, క్రీడా సమాఖ్యలు కలిసిన కమిషన్ ఇది. విలువిద్య, షూటింగ్, జూడో, బాక్సింగ్, టేబుల్ టెన్నిస్ వంటి క్రీడల్లో కొన్ని స్థానాలను దీనికోసం పక్కన పెడతారు. దరఖాస్తు చేయాల్సింది జాతీయ ఒలింపిక్ కమిటీ. క్రీడాకారుడు నేరుగా పంపితే ఎవరూ తెరిచి చూడరు. పారిస్‌కు షరతు ఏమిటంటే, గత రెండు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత క్రీడల్లో ఆ దేశం పంపినవారి సగటు 8 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. భూటాన్ రియోకు ఇద్దరిని, టోక్యోకు నలుగురిని పంపింది. సగటు 3, కాబట్టి అర్హత ఉంది. జట్టు క్రీడల ఆటగాళ్లు ఈ లెక్కలోకి రారు. రగ్బీ జట్టును పంపినంత మాత్రాన సగటు పెరిగిపోతుందని భయపడి దరఖాస్తు మానుకోవద్దు.

పారిస్ దరఖాస్తులకు గడువు 2024 జనవరి 15. క్రీడలు జూలై చివర్లో కదా, చూద్దాంలే అనుకున్న కమిటీకి ఆ తలుపు ఆరు నెలల ముందే మూసుకుపోయింది.

మూడో దారి అథ్లెటిక్స్, ఈతలకు మాత్రమే. ఈ రెండు క్రీడల అంతర్జాతీయ సమాఖ్యలు సార్వత్రిక స్థానాలను తమ నిబంధనల ప్రకారం తామే ఇస్తాయి. లామో వెళ్లింది ఈ దారిలోనే. సగటు 8 లెక్క ఇక్కడ పనిచేయదు. అందుకే అంత పెద్ద భారతదేశం నుంచి కూడా పారిస్ ఈత పోటీలకు శ్రీహరి నటరాజ్, ధీనిధి దేశింగు ఈ దారిలోనే వెళ్లారు.

అథ్లెటిక్స్: ఏ ఈవెంట్‌కు పేరు ఇవ్వాలి

పారిస్‌లో సార్వత్రిక స్థానాలు 100 మీటర్లు, 800 మీటర్లు, మారథాన్‌లకే పరిమితం. పురుషుల్లో ఎవరూ అర్హత పొందని దేశం తన ఉత్తమ పురుషుణ్ణి, మహిళల్లో ఎవరూ పొందనిది తన ఉత్తమ మహిళను ప్రతిపాదించవచ్చు. మీ దేశంలో అందరికన్నా మేటి జావెలిన్ వీరుడైతే ఈ తలుపు అతనికి తెరుచుకోదు.

ఇది కాగితం మీద చిన్న వాక్యమే. ట్రాక్ మీద దాని ఫలితం వింతగా ఉంటుంది. సాలమన్ దీవుల షారన్ ఫిరిసువా దూరపు పరుగుల మనిషి. టోక్యోలో మారథాన్ పరిగెత్తింది. పారిస్‌లో 100 మీటర్లలో దిగి 14.31 సెకన్లకు ముగించింది. కాబట్టి మూడు ఈవెంట్లలో ఏది అడుగుతున్నారో, అది దక్కకపోతే ఏం చేస్తారో సమాఖ్య ముందే నిర్ణయించుకోవాలి, ఆ క్రీడాకారిణికి ముందే చెప్పాలి. జూలైలో చెబితే ఆమె చేయగలిగింది ఏమీ ఉండదు.

మారథాన్‌కు వయసు నిబంధన కూడా ఉంది: పోటీల ఏడాది డిసెంబర్ 31 నాటికి 20 ఏళ్లు నిండాలి.

లెక్కలోకి వచ్చే టైమింగ్ అంటే ఏది

ఏ దారైనా ఒక అధికారిక ఫలితం కావాలి. ఎక్కువ దరఖాస్తులు బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

పోటీ మీ ఊరి స్టేడియంలో జరిగినా, అది ప్రపంచ అథ్లెటిక్స్ (ఆ క్రీడ అంతర్జాతీయ సమాఖ్య) క్యాలెండర్‌లో ముందుగా నమోదై ఉండాలి. మీట్ అయిపోయాక నమోదు చేయించడం కుదరదు. తక్కువ దూరం పరుగులకు చేతి స్టాప్‌వాచ్ టైమింగ్ చెల్లదు. పూర్తి ఆటోమేటిక్ ఫోటో ఫినిష్ ఉండాల్సిందే. కారణం ఏమిటంటే, చేతి వాచీ నొక్కేవాడు తుపాకీ పొగ చూసి మొదలుపెడతాడు, గీత దగ్గర మాత్రం ముందే ఊహించి ఆపుతాడు. ఈ తేడాను 100 మీటర్లలో 0.24 సెకన్లుగా లెక్కగట్టే సంప్రదాయం ఉంది. చేతి వాచీలో 10.6 అంటే నిజంగా 10.84 చుట్టుపక్కల అనుకోండి. కెమెరా ఉన్నా, పోటీలు మొదలయ్యే ముందు దానికి జీరో టెస్ట్ చేయాలి. తుపాకీ శబ్దానికీ గడియారం మొదలవడానికీ తేడా 0.001 సెకను మించకూడదు. ఆ పరీక్ష కాగితం మీద అధికారి సంతకం తీసుకుని ఫైల్లో పెట్టండి.

తర్వాత విండ్ గేజ్, అంటే గాలి వేగం కొలిచే పరికరం. ముగింపు గీతకు 50 మీటర్ల వెనక, మొదటి లేన్ పక్కన, ట్రాక్ నుంచి 2 మీటర్ల లోపు, నేల నుంచి 1.22 మీటర్ల ఎత్తులో ఉండాలి. 100 మీటర్లకు 10 సెకన్లు, 100 మీటర్ల హర్డిల్స్‌కు 13 సెకన్లు కొలవాలి. వెనక నుంచి గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ టైమింగ్ ప్రమాణం కింద పనికిరాదు. గేజ్ తేకుండా మీట్ పెట్టిన చోట ఎంత వేగంగా పరిగెత్తినా ఆ అంకె వృథా. ఇంకో మాట: 100, 800 మీటర్లలో ఆడా మగా కలిసి ఒకే హీట్‌లో పరిగెత్తితే ఆ ఫలితం తీసుకోరు. నలుగురైదుగురు పరుగువాళ్లున్న దేశంలో ఇలా కలిపేయడం మామూలే, జాగ్రత్త.

మారథాన్ టైమింగ్‌కు దారిని ఏ లేదా బీ గ్రేడ్ గుర్తింపు ఉన్న అధికారిక కొలతదారుతో కొలిపించి ఉండాలి. మొదలుకీ చివరకీ మధ్య పల్లం కిలోమీటరుకు సగటున ఒక మీటరు మించకూడదు. అంటే 42 కిలోమీటర్లకు మొత్తం 42 మీటర్ల దిగుడు మాత్రమే. భూటాన్ లాంటి కొండల దేశంలో ఇలాంటి దారి వెతకడమే ఒక పని. లామో మంచు కొండల మీద 203 కిలోమీటర్ల స్నోమ్యాన్ రేసులో 2022లో మహిళల్లో రెండో స్థానంలో వచ్చింది. అది ఎంత కష్టమైనదైనా, ఒలింపిక్ ఫైల్లో మారథాన్ టైమింగ్‌గా నిలబడదు. అందుకని ఏడాదికి ఒక్కసారైనా కొలిచిన చదును దారి మీద, అవసరమైతే పొరుగు దేశంలో, పరిగెత్తించాలి.

సెకనులో నూరో వంతు విలువ తెలియాలంటే విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి చాలు. పారిస్ 100 మీటర్ల హర్డిల్స్ ప్రమాణం 12.77. ఆమె ఉత్తమ టైమింగ్ 12.78. ఆ ఒక్క అంకెతో మొదటి తలుపు మూసుకుపోయినా ర్యాంకింగ్ తలుపు తెరిచే ఉంది. ఆమె దాంట్లోంచే వెళ్లింది. ఆ ఈవెంట్‌లో ర్యాంకింగ్‌కు ఐదు ఉత్తమ ఫలితాల సగటు చూస్తారు, టైమింగ్‌తో పాటు ఆ పోటీ స్థాయిని బట్టీ వచ్చిన స్థానాన్ని బట్టీ పాయింట్లు కలుపుతారు. ఒక్క మంచి పరుగు కోసం ఏడాదంతా ఎదురుచూసే కోచ్‌ల కన్నా, ఐదు మంచి మీట్లకు టికెట్లు కొన్న కోచ్‌లు తెలివైనవాళ్లు.

ఈత: పాయింట్ల లెక్క

పారిస్ ఈతలో సార్వత్రిక స్థానం కోరేవారు 2023 ఫుకువోకా లేదా 2024 దోహా ప్రపంచ పోటీల్లో పాల్గొని ఉండాలి. ఇదే అసలు మెలిక. ఆ ప్రయాణానికి డబ్బు లేదని మానేసిన సమాఖ్యకు ఒలింపిక్ తలుపు కూడా అక్కడితో మూసుకున్నట్టే. బడ్జెట్ కుదించాల్సి వస్తే శిబిరం కుదించండి, ఈ ప్రయాణాన్ని ముట్టుకోవద్దు.

దేశంలో ఎవరిని పంపాలన్నది పాయింట్ల మీద తేలుతుంది. సూత్రం సులభం: ఆ ఈవెంట్ మూల సమయాన్ని (ప్రపంచ రికార్డు ఆధారంగా సమాఖ్య ప్రకటించేది) మీ సమయంతో భాగించి, ఘనం చేసి, 1000తో గుణించాలి. పారిస్ నాటి మూల సమయాలతో ఒక కుర్రాడి లెక్క చూడండి. 50 మీటర్ల ఫ్రీస్టైల్ 25.00కి ఈదితే (20.91 ÷ 25.00) ఘనం × 1000, అంటే 585. అదే కుర్రాడు 100 మీటర్లు 55.50కి ఈదితే (46.86 ÷ 55.50) ఘనం × 1000, అంటే 601. చూసేవాళ్లకు 50 బాగా ఈదుతున్నట్టు అనిపించినా లెక్క 100 వైపు మొగ్గింది. ఘనం కాబట్టి చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. ప్రతి ఈవెంట్‌కూ ఈ లెక్క వేశాకే ఏది సాధన చేయాలో నిర్ణయించండి.

కొలను 50 మీటర్లదే కావాలి, 25 మీటర్ల కొలనులోని సమయాలు చెల్లవు. ఈత దుస్తుల మీద అంతర్జాతీయ సమాఖ్య ఆమోద గుర్తు ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి.

విలువిద్య: ఇంటి ఆట అడ్డొచ్చే చోట

భూటాన్ జాతీయ క్రీడ విలువిద్య. అయినా ఊరి మైదానంలో గెలిచినవాడు నేరుగా ఒలింపిక్స్‌కు సిద్ధం కాడు. అక్కడ లక్ష్యం దాదాపు 145 మీటర్ల దూరంలో ఒక చిన్న పలక. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల చక్రం, మధ్యలో పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. వెదురు విల్లు నుంచి ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లుకు (కొనలు ముందుకు వంగి ఉండేది) మారాలి, దానికి ఏళ్లు పడుతుంది. సార్వత్రిక స్థానం అడిగినా, నమోదైన పోటీలో 72 బాణాలకు నిర్ణీత కనీస స్కోరు వేసి ఉండాలి. ఆ కనీసం చూపని దరఖాస్తు చర్చకే రాదు. ఇంకో తేడా గుర్తుంచుకోండి: ఖండ పోటీలో గెలిచిన విలువిద్య స్థానం దేశానిది, ఎవరిని పంపాలో కమిటీ తేలుస్తుంది. సార్వత్రిక స్థానం మాత్రం పేరు మీద వస్తుంది, మార్చుకోవడానికి ఉండదు.

కాగితాల్లో జరిగే తప్పులు

పేరు. భూటాన్‌లో చాలామందికి ఒకే పేరు, ఇంటి పేరు ఉండదు. పైన చెప్పిన కర్మ పేరు అంతే, కర్మ. ఫారంలో రెండో గడి ఖాళీగా ఉంటే ఒకచోట గుమాస్తా అదే పేరు రెండుసార్లు రాస్తాడు, ఇంకోచోట చుక్క పెడతాడు. ఫలితాల డేటాబేస్‌లో ఒకే మనిషి ఇద్దరుగా నమోదై, పాయింట్లు రెండుగా చీలిపోతాయి. ఇంటి పేరు ముందో వెనకో తెలియక పాస్‌పోర్ట్ ఆఫీసులో తిప్పలు పడ్డ తెలుగువాళ్లకు ఇది వివరించక్కర్లేదు. మొదటి పోటీ నుంచీ పాస్‌పోర్ట్‌లో ఉన్న అక్షరాలే వాడండి.

పౌరసత్వం. మరో దేశం తరఫున ఆడి వచ్చినవారికి మామూలుగా మూడేళ్ల విరామం ఉండాలి. సంబంధిత కమిటీలూ సమాఖ్యా ఒప్పుకుంటే తగ్గుతుంది, కానీ ఆ ఒప్పుకోలు కాగితం రూపంలో ఉండాలి.

మందులు. ఆస్తమాకు పీల్చే సాల్బుటమాల్‌కు 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మించకూడదన్నది పరిమితి. జలుబు బిళ్లల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ రోజున మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే డోపింగే. మెడికల్ షాపువాడు ఇచ్చిన బిళ్ల వేసుకునే ముందు పేరు ఫోటో తీసి జట్టు డాక్టరుకు పంపడం అలవాటు చేయండి.

డబ్బు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సహాయ విభాగమైన ఒలింపిక్ సాలిడారిటీ ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, వాటికీ జాతీయ కమిటీయే దరఖాస్తు చేయాలి. క్రీడలకు రెండు మూడేళ్ల ముందు కదిలితేనే లాభం.

చివరి ఎంట్రీలకు పారిస్‌లో గడువు 2024 జూలై 8. అంతకు చాలా ముందే, అర్హత వస్తుందో రాదో తెలియని వాళ్లతో సహా, అవకాశమున్న ప్రతివారి పేరూ అక్రెడిటేషన్ (క్రీడల గుర్తింపు కార్డు) పొడవాటి జాబితాలో వేయాలి. పది పేర్లు వేసి ముగ్గుర్ని పంపితే అడిగేవాళ్లు లేరు. జాబితాలో లేని మనిషికి ఆఖరి వారంలో స్థానం వస్తే కార్డు తయారు చేయించడం నరకం. ఆ కార్డు పాస్‌పోర్ట్‌తో కలిపి చూపితేనే దేశంలోకి అనుమతి కాబట్టి, క్రీడలు ముగిశాక కూడా కొన్ని నెలలు చెల్లే పాస్‌పోర్ట్ ఉందో లేదో జనవరిలోనే చూసి, లేకపోతే అప్పుడే రెన్యువల్‌కు పెట్టండి.