గేమ్ కన్సోల్ రిపేరు నేర్చుకుందాం – 4వ పాఠం: వేడెక్కే నింటెండో స్విచ్

పోయిన పాఠంలో జాయ్‌కాన్ (స్విచ్ పక్కలకి తగిలించే కంట్రోలర్) స్టిక్ మార్చాం. అప్పుడు వాడిన వై మొన, ప్లస్ మొన స్క్రూడ్రైవర్లే ఈసారీ చాలు. వాటితోపాటు మెత్తటి బ్రష్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి అందించే ముద్ద) దగ్గర పెట్టుకోండి.

ఆట మధ్యలో వేడి ఎక్కువైందని తెరమీద చూపించి కన్సోల్ స్లీప్‌లోకి వెళ్లిపోతే చాలామంది వెంటనే విప్పడానికి కూర్చుంటారు. తొందరపడొద్దు. వేడి ఎక్కడ ఆగిపోతోందో బయటినుంచే చాలావరకు పట్టేయొచ్చు. చిప్‌లో పుట్టిన వేడి పేస్ట్ మీదుగా రాగి గొట్టంలోకి, అక్కడినుంచి సన్నటి లోహపు రేకుల్లోకి చేరుతుంది. వెనకవైపు చీలికల్లోంచి ఫ్యాన్ పీల్చిన గాలి ఆ రేకుల మధ్యనుంచి దూరి పైఅంచు గుండా వేడిని బయటికి తోస్తుంది.

డాక్‌లో (కన్సోల్‌ని టీవీకి కలిపే తొట్టి) పెట్టి పావుగంట ఏదైనా పెద్ద గేమ్ ఆడించండి. డాక్‌లో గ్రాఫిక్స్ చిప్ ఎక్కువ వేగంతో పనిచేస్తుంది కాబట్టి లోపం త్వరగా బయటపడుతుంది. ఇప్పుడు పైఅంచు మీద అరచెయ్యి ఆనించకుండా పట్టుకోండి. ఫ్యాన్ గట్టిగా మోగుతున్నా గాలి సన్నగా వస్తుంటే దుమ్ము అడ్డుపడింది. గాలి బాగానే వస్తున్నా అది గోరువెచ్చగానే ఉండి, కన్సోల్ వీపు మాత్రం కాలిపోతుంటే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. గాలి బలంగా, వేడిగా వస్తుంటే కన్సోల్ తన పని తాను చేస్తోంది, గదిని చల్లబరచండి. నింటెండో చెప్పిన పరిమితి 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం ఏసీ లేని గది ఆ గీత దాటేస్తుంది. అందుకే ఈ పరీక్ష రాత్రి పూట చేయండి.

2017లో వచ్చిన మొదటి స్విచ్‌లో 20 నానోమీటర్ల చిప్ ఉండేది. 2019లో ఇంకా చిన్న భాగాలతో చేసిన 16 నానోమీటర్ల చిప్ పెట్టాక కరెంటు వాడకం బాగా తగ్గింది. మన చేతికి వచ్చే సెకండ్‌హ్యాండ్ కన్సోల్ మొదటిదైతే కాస్త ఎక్కువ వేడెక్కడం సహజమే. కింద చెప్పేది ఆ మొదటి మోడల్‌కి. లైట్, ఓలెడ్ మోడళ్ల లోపలి అమరిక వేరు.

వెనక మూత ఉబ్బినట్టు కనిపించినా, తెర లేచినట్టున్నా ఆపేయండి. అది బ్యాటరీ ఉబ్బు, ఈ పాఠంతో తీరేది కాదు. లేదంటే ఛార్జింగ్ పావువంతుకి తగ్గాక పూర్తిగా ఆఫ్ చేసి, జాయ్‌కాన్లు, గేమ్ కార్డు, మెమరీ కార్డు తీసెయ్యండి.

వెనక మూలల్లో నాలుగు వై స్క్రూలు. వీటి దగ్గరే పని చెడుతుంది. మొనని నిటారుగా పెట్టి, తిప్పే బలం కంటే నొక్కే బలం ఎక్కువుండేలా చూసుకోండి. మొన జారిన మరుక్షణం ఆపి సరిగ్గా కూర్చోబెట్టాలి, ఇంకో రెండుసార్లు జారితే స్క్రూ తల అరిగిపోతుంది. తర్వాత ప్లస్ స్క్రూలు: పక్కల ఒక్కొక్కటి, పైన ఒకటి, కింద రెండు. ఇవన్నీ తీశాక కూడా మూత రాదు, చాలామంది ఇక్కడే పట్టి లాగి విరగ్గొడతారు. స్టాండ్ తెరిచి మెమరీ కార్డు గుంట లోపల చూడండి, చిన్న స్క్రూ ఒకటి దాక్కుని ఉంటుంది. స్క్రూల పొడవులు వేరు కాబట్టి కాగితం మీద కన్సోల్ బొమ్మ గీసి ఏది ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి.

మెమరీ కార్డు రీడర్ స్క్రూ తీసి, దాన్ని నిటారుగా పైకి లేపండి. దానికింద ఆరు స్క్రూల లోహపు పలక ఉంటుంది. పలక లేపగానే రాగి గొట్టం మీద గులాబీ రంగు ముద్ద కనిపిస్తుంది. అది చెత్త కాదు, తుడిచేయకండి. గొట్టానికీ పలకకీ మధ్య ఖాళీని నింపి వేడిని పలకకి అందించేది అదే. పలచటి మామూలు పేస్ట్ ఆ ఖాళీకి చాలదు, పుట్టీలాంటి మందపాటిదే కావాలి.

మరేదీ ముట్టుకోకముందు బ్యాటరీ కనెక్టర్‌ని ప్లాస్టిక్ పుల్లతో నిటారుగా ఎత్తి వేరుచేయండి. ఫ్యాన్ రెక్కని ఒక వేలితో కదలకుండా పట్టుకుని బ్రష్‌తో దుమ్ము తీయండి. ఎయిర్ బ్లోయర్ వాడినా ఇంతే, రెక్కల్ని అతివేగంగా తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. రేకుల మధ్య పేరుకున్న పొరని మాత్రం ఓపిగ్గా, రేకులు వంగకుండా లాగాలి. పరీక్షలో తేలింది దుమ్మే అయితే ఇక్కడితో ఆపి బిగించేయండి.

పేస్టే కారణమైతే హీట్ సింక్ (చిప్ మీదున్న ఆ రాగి గొట్టం, రేకుల భాగం) మూడు స్క్రూలూ ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేయండి. అతుక్కుని ఉంటే మెల్లగా అటూ ఇటూ కదపాలి, గుంజకూడదు. పాత పేస్ట్‌ని ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ నడుమ బియ్యపు గింజంత కొత్తది పెట్టి, మూడు స్క్రూలూ వంతులవారీగా బిగించండి.

అన్నీ బిగించాక అదే గేమ్, అదే పావుగంట, మళ్లీ అరచెయ్యి. ఇప్పుడు కూడా ఫ్యాన్ గరగరలాడుతుంటే బేరింగ్ అరిగింది. వచ్చే పాఠంలో ఫ్యాన్ మారుద్దాం, స్క్రూలు అంటించిన ఆ కాగితం పారేయకండి.