అశ్వగంధ ప్యాక్‌తో మండిన చెంపలు: సెంటెల్లా సీరంతో సరిదిద్దిన పద్ధతి

అశ్వగంధ, తులసి పొడులను నిమ్మరసంతో కలిపి వేసిన ప్యాక్‌కి చెంపలు ఎర్రబడి చురచురలాడాయి. ముఖ్య దోషం నిమ్మరసానిదే. దాని పీహెచ్ (ఆమ్లత్వ కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 2, చర్మం పైపొరది 5 దగ్గర. పైగా ముతక పొడి గీరుకుంటుంది, తులసిలోని యూజినాల్ అనే ఘాటైన వాసన పదార్థం కొందరికి పడదు.

ముందు స్క్రబ్, విటమిన్ సి, రెటినాల్ అన్నీ ఆపేయాలి. రెండు వారాలపాటు సువాసన లేని క్లెన్సర్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ చాలు. ఎరుపు పూర్తిగా తగ్గకముందే కొత్త సీరం మొదలుపెడితే మంట దేనివల్లో తేలదు.

ఆ తర్వాతే సెంటెల్లా సీరం, అంటే సరస్వతి ఆకు సారం. లేబుల్ మీద మాడెకాసోసైడ్ (ఈ ఆకులో చర్మాన్ని శాంతపరిచే పదార్థం) ఉండాలి; పరిమళాలు, ఎసెన్షియల్ ఆయిల్స్ ఉండకూడదు. ముందుగా మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున 7 రోజులు రాసి చూడండి. దద్దుర్లు రాకపోతే రోజు విడిచి రోజు రాత్రి, కాస్త తడిగా ఉన్న ముఖానికి 2 చుక్కలు, పైన మాయిశ్చరైజర్.

ఆకు మంచిదే అయినా అరుదుగా అలర్జీ తెస్తుంది. దురద, నీటి పొక్కులు కనిపిస్తే "అలవాటవుతుందిలే" అని కొనసాగించొద్దు. ఆపేసి చర్మ వైద్యులకు చూపించండి.